పేర్లున్న వైపు

మిషనమ్మ బ్రష్షుతో కుట్టుమిషను షటిల్ కింద పేరుకున్న పీచు తీస్తోంది. రోజూ కుట్టుపని మొదలుపెట్టే ముందు ఇది చేసి తీరాల్సిందే. సూది విప్పి పక్కన పెడుతుంది. రేకు జరిపి, లోపల చిక్కుకున్న ఎర్రదారం, పచ్చదారం తునకలు చిటికెనవేలితో లాగుతుంది. కన్నానికో చుక్క నూనె వేసి, నూనె లోపలికంతా దిగేదాకా చక్రాన్ని ఉత్తినే పది చుట్లు తిప్పుతుంది. ఇవాళ పది దాటి ముప్పై అయినా తిప్పుతూనే ఉంది.

"ఆపు అమ్మాయ్, ఎంత తిప్పినా అది ఎక్కడికీ పోదు," అంది అత్తగారు మంచం మీద నుంచి.

"చక్రం గట్టిగా ఉందత్తయ్యా."

"చక్రమేనా గట్టిగా ఉంది!" అని ఆవిడ గోడవైపు తిరిగి పడుకుంది.

గోడ గడియారంలో మూడు కావడానికి ఇంకో పావుగంట ఉంది.

కథ ఎక్కడ ఆగిందో ఒక్కసారి చెప్పుకుని ముందుకెళ్దాం. ఊరి ఫుట్‌బాల్ క్లబ్బు పాత యజమాని పోయాక కొడుకులిద్దరూ దాన్ని చెరోవైపు లాగి, కోర్టుకెక్కి, విసిగి, చివరికి ఎవరూ మొహం చూడని ఒక కంపెనీకి అమ్మేశారు. ఆట ఊరి బయటికి మారుస్తామనీ, ఈ మైదానంలో గోదాములు కడతామనీ కంపెనీ ప్రకటించింది. ఆ తర్వాతి మ్యాచ్‌కే తూర్పు గ్యాలరీ జనం తమ జెండా బట్టను తలల మీదుగా కప్పుకుని, సగం ఆట అయ్యేదాకా దానికింద దాక్కున్నారు. ఒక్క కేక లేదు, ఒక్క చప్పట లేదు. టీవీలో చూసినవాళ్లకు గ్యాలరీ నిండా కదులుతున్న బట్ట కనపడింది, అప్పుడప్పుడూ దాని కింద నుంచి దగ్గు వినపడింది. ఒక్క మొహం కూడా కెమెరాకి చిక్కలేదు. అయినా ఎనిమిది రోజులు తిరక్కుండా రెండువందల ఆరుగురికి, పేరూ సీటు నంబరూ తప్పు పోకుండా, ఈ ఏడాదంతా మైదానంలో అడుగు పెట్టకూడదని ఉత్తరాలు వచ్చాయి.

పేర్లు ఎవరు చెప్పారు? మూడు వారాలుగా వేళ్లన్నీ ఒక్కడి వైపే చూపిస్తున్నాయి. అతను మిషనమ్మ మరిది. పందొమ్మిదేళ్లుగా ఆ మైదానంలో గడ్డి పెంచే మనిషి. అందరూ అతన్ని గరిక అంటారు. క్లబ్బు జీతం తినేవాడు, తూర్పు గ్యాలరీలో ప్రతి మొహం తెలిసినవాడు, పైగా ఉత్తరం రానివాడు. ఇంకేం కావాలి? ఆదివారం మూడింటికి మిషనమ్మ ఇంట్లోనే కూర్చుని తేల్చేద్దామని అభిమానుల సంఘం కబురు పంపింది.

ఆమె ఇల్లే ఎందుకంటే, దుప్పటి అక్కడే ఉంది. ఆ జెండా బట్టని వాళ్లు దుప్పటి అంటారు. నలభై బారల పొడవు, పైన ఎరుపూ పచ్చా పట్టీలు. దాక్కున్న రోజు మోచేతులు తగిలి మూడుచోట్ల చిరిగితే, అతుకు వేయమని ఆమెకి ఇచ్చారు. నెలరోజులుగా ముందుగదిలో సగం దానిదే.

దుప్పటికి ముందువైపు లోకానిది. వెనకవైపు వాళ్లది. గ్యాలరీలో సీటు తీసుకున్న ప్రతి మనిషీ తన పాత చొక్కాలోంచో చీరలోంచో అరచేతి మేర ముక్క కత్తిరించి తెస్తాడు. దాని మీద పేరు, సీటు నంబరు దారంతో కుట్టి వెనకవైపు అతుకుతారు. మనిషి పోతే ఆ సీటు తీసుకున్న కొడుకో కూతురో తన ముక్కని దాని మీదే కుట్టించుకుంటారు. ఆ వైపు బయటివాళ్లకి చూపించరు. మడత పెడితే పేర్లు ఎప్పుడూ లోపలికే. మొదట్లో ఆ కుట్టుపని మిషనమ్మ తల్లిది, ఇరవై రెండేళ్లుగా మిషనమ్మది. ఇంతమంది పేర్లు కుట్టిన ఆ తల్లీకూతుళ్ల పేర్లు మాత్రం దాని మీద లేవు. వాళ్లకి సీటు లేదు. ముక్క కావాలని వాళ్లు అడగలేదు, సంఘంవాళ్లకీ తోచలేదు.

ఆ సంగతి తోచింది ఒక్క మనిషికే. మ్యాచ్ అయిన మూడోరోజు క్లబ్బు ఆఫీసు నుంచి ఒకావిడ వచ్చింది. చెప్పులు బయటే విడిచి, నేలమీద కూర్చుని, కుట్టుని వేలితో తడిమి చూసింది. "ఇంత పని చేసిన చేతుల పేరు ఎవరికీ తెలియకపోవడం అన్యాయం కదండీ," అంది. ఆఫీసు హాల్లో గోడకి వేలాడదీసి ఫోటో తీస్తారట. కింద తల్లి పేరు, కూతురి పేరు రాస్తారట. ఒక్క పూటలో తెచ్చిచ్చేస్తారట. వ్యాను ఎక్కుతుంటే చూసినవాళ్లు దుప్పటి ఉతకడానికి వెళ్తోందనుకున్నారు. మిషనమ్మ అవునని అనలేదు, కాదనీ అనలేదు.

సాయంత్రం అది పేర్లు పైకి మడతపెట్టి తిరిగొచ్చింది.

అప్పుడే తెలిసిపోయింది ఆమెకి. తలుపు గడియ వేసి, ఒక్కతే గంటసేపు ఆ బరువుతో కుస్తీ పట్టి, పేర్లు లోపలికి మళ్లీ మడిచింది. ఆ మడతని తలుచుకుంటేనే ఇప్పటికీ చెవులు కాలిపోతాయి. ఇచ్చినప్పుడు తెలివితక్కువతనం అనుకోవచ్చు. మడిచినప్పుడు అన్నీ తెలిసే మడిచింది.

*

మూడయ్యేసరికి ఎనిమిదిమంది వచ్చారు. గది మధ్యలో దుప్పటి కొండలా ఉంటే గోడలకి ఆనుకుని చుట్టూ కూర్చున్నారు. సంఘం అధ్యక్షుడు సెలూన్ ఆయన, జేబులో దువ్వెన అలాగే ఉంది. మినిట్స్ రాసే లెక్కల మాస్టారు ఒళ్లో పుస్తకం పెట్టుకుని గీతలు గీస్తున్నాడు.

"మాస్టారూ, మార్జిన్ తర్వాత గీద్దురుగాని. కోరం ఉందా?"

"తొమ్మిదిమంది ఉండాలి. నర్సమ్మగారు రాలేదు."

"ఆవిడ మ్యాచ్‌కి ఎప్పుడైనా టైముకొచ్చిందా? గోల్ పడ్డాక వచ్చి ఎవరు కొట్టారని అడిగే మనిషి. మొదలుపెట్టండి."

మిషనమ్మ మంచినీళ్లు తెచ్చి అందరికీ ఇచ్చింది. గ్లాసు అందుకుంటూ సెలూన్ ఆయన, "నీకిది కష్టమే చెల్లెమ్మా, తెలుసు. నీ ఇంటి మనిషే కదా," అన్నాడు జాలిగా. ఆ జాలి వాతపెట్టినట్టు తగిలింది ఆమెకి.

గరిక వచ్చి గుమ్మం బయట ఆగాడు. పిక్కలకి తడిమట్టీ, గడ్డి పోచలూ అంటుకుని ఉన్నాయి.

"లోపలికి రా," అన్నాడు సెలూన్ ఆయన.

"కాళ్లు బాగాలేవన్నా. బట్ట పాడవుతుంది." అని మెట్టు మీదే కూర్చున్నాడు.

"అయితే అక్కడి నుంచే చెప్పు. ఇక్కడున్న అందరికీ ఉత్తరం వచ్చింది. నీకెందుకు రాలేదు?"

"నాకు సీటు లేదు కదన్నా. లేని సీటు ఎలా తీసేస్తారు?"

ఎవరో ఫక్కున నవ్వి, అంతలోనే దగ్గులోకి మార్చుకున్నారు. గరిక చెప్పింది నిజమే. అతనెప్పుడూ మైదానం గట్టు మీద నిలబడే చూస్తాడు. వెనకవైపు అతని ముక్క మీద పేరు ఒక్కటే ఉంటుంది. మిషనమ్మకీ ఉత్తరం రాలేదు. ఆ సంగతి మాత్రం గదిలో ఎవరికీ తట్టలేదు.

"పేర్లు నువ్వు చెప్పలేదంటావు."

"చెప్పలేదు."

"మరెవరు చెప్పారో తెలుసా?"

గరిక పిక్క మీద అంటిన పోచ ఒకటి పీకి, దాన్నే చూస్తున్నాడు.

"నిన్నే అడుగుతున్నాను. తెలుసా, తెలీదా?"

గరిక ఇంకో పోచ పీకాడు. తెలియకపోతే తెలియదనొచ్చుగా! లెక్కల మాస్టారు పెన్ను ఆపి పైకి చూశాడు.

"పన్నెండేళ్లప్పటి నుంచి నీ తల నా చేతిలో ఉందిరా," అన్నాడు సెలూన్ ఆయన. గొంతులో కోపం కంటే నొప్పి ఎక్కువుంది. "చెవి వెనక మచ్చ ఎక్కడుందో నాకు తెలుసు. లోపలున్నది మాత్రం తెలుసుకోలేకపోయాను. నర్సమ్మకి నలభై ఏళ్ల సీటు. ఆ రెండు గంటల కోసం వారమంతా బతికే మనిషి. ఆవిడ శనివారం ఇంట్లో రేడియో ముందు కూర్చుంటోంది, నీ పుణ్యమా అని." ఆయన చుట్టూ చూశాడు. "ఇంకేం మాటలు వద్దు. వీడి ముక్క తీసేద్దాం. ఎవరైనా కాదంటారా?"

ఎవరూ కాదనలేదు. ఆ వైపు నుంచి ముక్క తీసేయడం సంఘం పుట్టాక జరగలేదు. చచ్చిపోయినవాళ్లదే తీయరు.

లెక్కల మాస్టారు మెల్లిగా అడిగాడు. "ఏమని రాయను? తొలగించడమైనదనా, విప్పడమైనదనా?"

"నీ ఇష్టం వచ్చినట్టు రాసుకో మాస్టారూ, ప్రాణం తీయకు. చెల్లెమ్మా, నీ చేత్తో కుట్టావు. నీ చేత్తోనే విప్పు."

ఇప్పుడు చెప్పు, అనుకుంది మిషనమ్మ. నేనే అను. రెండు ముక్కలు, అంతే. అత్తగారి వీపు కదల్లేదు. గుమ్మంలో మరిది తల వంచుకుని ఉన్నాడు. అందరూ ఆమె వైపే చూస్తున్నారు, దుఃఖంలో ఉన్న మనిషిని చూసినట్టు.

"ఇప్పుడేనా?" అంది ఆమె. నోట్లోంచి వచ్చింది అదీ.

ఇద్దరు మగవాళ్లు పట్టి దుప్పటి మూల తిరగేశారు. ముక్క కోసం వెతకాల్సిన పనిలేదు. కళ్లు మూసుకుని చూపించగలదు. ఆమె ఈ ఇంటికి కోడలుగా వచ్చిన సంవత్సరం కుట్టిన మొదటి ముక్క అది. మీసం కూడా సరిగా రాని మరిది బడి చొక్కా జేబు కత్తిరించి తెచ్చి, "వదినా, పేరొక్కటి చాలు, నంబరు వద్దు. నేను కూర్చోను," అన్నాడు. కొత్త కోడలు. ఊడిపోతే నవ్వుతారని భయపడి రెండు వరసలు కుట్టింది.

కుట్లు విప్పే చిన్న కత్తి మొన దారం కిందికి దూర్చింది. టప్పుమంది. పెద్ద చప్పుడేం కాదు, అయినా గదంతా వినపడింది. రెండోది. మూడోది. ఇంకెవరైనా ఆపుతారేమో అని ఒక్కో కుట్టుకీ ఆగుతోంది. ఆపాల్సింది తనేనని ఒళ్లంతా తెలుసు. నాలుగు, అయిదు. గరిక ఇప్పుడు తల ఎత్తాడు. ముక్కని కాదు, ఆమె మొహాన్ని చూస్తున్నాడు. ఆమె కళ్లెత్తకుండానే ఆ చూపు తెలుస్తోంది. ఆరు. ఏడు.

"ఆగండాగండి! నేను లేకుండానే మొదలుపెట్టేశారా?"

నర్సమ్మ గరికని దాటుకుంటూ లోపలికొచ్చింది. చేతిలో కవరు ఊపుతోంది. డెబ్భై ఏళ్లు దాటినా వార్డులో నడిచినట్టే నడుస్తుంది. "ముందు ఇది వినండి. మీ అందరికంటే గొప్ప ఉత్తరం వచ్చింది మా ఇంటికి. మా ఆయనకి!"

అందరూ తెల్లమొహాలు వేశారు.

"నిజం! ఆయన ప్రవర్తన క్లబ్బు గౌరవానికి భంగం కలిగించిందట. సీటు నూట పద్నాలుగు రద్దట. పోయి తొమ్మిదేళ్లయిన మనిషిని ఇంకో ఏడాది మైదానానికి రావద్దంటున్నారు! విధేయుడు, బాగానే పాటిస్తాడులే." నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. "పాత పుస్తకాల్లో చిరునామా వెతికారు కాబోలు, మేముండిన ఆస్పత్రి క్వార్టర్స్‌కి పోయింది. అక్కడి వాచ్‌మన్ మూడు వారాలు అటకమీద పడేసి నిన్న తెచ్చిచ్చాడు."

ఒకరిద్దరు నవ్వారు. లెక్కల మాస్టారు నవ్వలేదు. కవరు తీసుకుని, ఉత్తరం రెండుసార్లు చదివాడు.

"నర్సమ్మగారూ, ఆయన పేరు సంఘం రిజిస్టర్లో లేదు. ఆయన చనిపోయిన నెలలోనే నేను కొట్టేశాను. క్లబ్బులో ఆయన సీటు...?"

"కార్డు నేనే తిరిగిచ్చాను. పక్క సీటు ఖాళీగా చూడలేక నేను పై వరసకి మారాను. నూట పద్నాలుగు ఇప్పుడు వేరే వాళ్లది, వాళ్ల పేరుకీ ఉత్తరం వచ్చింది."

"అంటే ఆ నంబరుకి రెండు పేర్లు ఎక్కడో కనపడ్డాయి." మాస్టారు కళ్లజోడు తీశాడు. "గరిక చెప్పి ఉంటే ఈ పేరు చెప్పడు. ఆయన పోయినరోజు మోసిన నలుగురిలో వాడొకడు."

నర్సమ్మ నవ్వు జారిపోయింది. మెల్లిగా మోకాళ్ల మీద కూర్చుని, రెండు చేతులతో దుప్పటి మడతలు ఒక్కొక్కటే జరుపుతూ పోయి ఒకచోట ఆగింది. నీలం గళ్ల లుంగీ ముక్క. తెల్లదారంతో పేరు. నూట పద్నాలుగు. ఆమెకి పిల్లలు లేరు. దానిమీద ఇంకెవర్నీ కుట్టనివ్వలేదు.

"ఇక్కడున్నాడు," అంది అరచెయ్యి దానిమీద పెట్టి. "ఇక్కడ తప్ప ఇంకెక్కడా లేడు."

ఆ తర్వాత ఎవరూ ఏమీ వివరించాల్సిన పని లేకపోయింది. ఒక్కొక్కరి చూపూ దుప్పటి మీద నుంచి మిషను మీదికీ, మిషను మీద నుంచి మనిషి మీదికీ వచ్చి ఆగింది.

నర్సమ్మే అడిగింది, మెత్తగా, జ్వరం చూస్తున్నట్టు. "ఎవరైనా వచ్చారా తల్లీ? నువ్వు బజారుకి వెళ్లినప్పుడు తీసి చూశారా?"

అదొక దారి. అవును పిన్నీ, నేను లేనప్పుడు వచ్చుంటారు అంటే చాలు. నమ్మడానికి అందరూ సిద్ధంగా ఉన్నారు. కోరుకుంటున్నారు కూడా. మిషనమ్మ ఆ దారి వైపు చూసింది. ఎంత దగ్గరగా ఉందో చూసుకుని తనమీద తనకే రోత పుట్టింది.

"ఎవరూ దొంగతనం చేయలేదు పిన్నీ. నేనే ఇచ్చాను."

"ఇచ్చావా?" సెలూన్ ఆయన లేచి నిలబడ్డాడు. "ఎవరికి?"

"ఆఫీసువాళ్లకి. ఫోటో తీస్తామన్నారు. పేర్లకోసమని తెలీదు. తిరిగొచ్చాక తెలిసింది."

"ఇస్తే ఏమిస్తామన్నారు?"

"పేరు."

"పేరేమిటి?"

"ఫోటో కింద... మా అమ్మ పేరు, నా పేరు రాస్తామన్నారు."

ఇంత చిన్నదా అన్నట్టు చూశారు అందరూ. పెద్దది ఏదైనా చెప్పి ఉంటే బాగుండేదేమో అనిపించింది ఆమెకి. లెక్కల మాస్టారు గొంతు సవరించుకుని, "ఒక్కమాట అంటే నీకూ ఒక ముక్క కుట్టించేవాళ్లం కదమ్మా," అన్నాడు.

"కుట్టుకోవాల్సింది నేనే కదా మాస్టారూ." అనేసి వెంటనే తల అడ్డంగా ఊపింది. "సాకు చెప్పడంలేదు. తప్పు నాదే."

"తప్పు!" అన్నాడు సెలూన్ ఆయన. "మాయమాటలకి పడిపోయావు, సరే, ఎవరైనా పడతారు. తెలిశాక? మూడు వారాలు చెల్లెమ్మా! మేం వీడి మొహాన తలుపులేశాం. టీ కొట్టు దగ్గర వీడొస్తే లేచిపోయాం. గడ్డం గీయమని వస్తే కత్తి పదును లేదని పంపించేశాను నేను. నువ్వు చూస్తూ ఊరుకున్నావు. ఇప్పుడు... ఇప్పుడు కూడా, నేను విప్పమంటే..."

పూర్తిచేయలేక వేలితో చూపించాడు. సగం ఊడిన జేబు ముక్క వేలాడుతోంది. ఆమె చేతిలో కత్తి ఇంకా ఉంది.

"ఏడు కుట్లు," అంది మంచం మీద నుంచి అత్తగారు.

అందరూ అటు తిరిగారు. ఆవిడ గోడ నుంచి ఇటు మళ్లి, మెల్లిగా లేచి కూర్చుంది. కళ్లు పొడిగా ఉన్నాయి.

"లెక్కపెట్టాను. ఇంకో కుట్టుకి ఆపుతావు, ఇంకో కుట్టుకి ఆపుతావు అనుకుంటూ." కోడలినే చూస్తోంది. "వాడికి తెలుసే అమ్మాయ్."

"ఏం తెలుసు?" అంది మిషనమ్మ.

"అన్నీ. హాల్లో వేలాడదీస్తామన్నారా నీతో? మైదానంలో పరిచారు. వాడి గడ్డి మీద బోర్లా పరిచి, నిచ్చెనెక్కి ఒక్కొక్క పేరూ ఫోటో తీశారు. వాడు నీళ్లు పడుతున్నాడు అక్కడే. ఆ రాత్రి నాతో చెప్పుకుని ఏడ్చాడు. నేను నిన్ను అడగబోతే నా నోరు మూశాడు. వదినకి తెలిసుండదు, తెలిశాక తనంతట తను చెబుతుంది, అందాకా ఎవరూ ఆమెని ఏమీ అనొద్దు, అన్నాడు. నామీద ఒట్టు వేయించుకున్నాడు. ఇంతమంది ఇన్ని అంటుంటే కన్నదాన్ని, పళ్ల బిగువున ఊరుకున్నాను. వాడు అడిగాడని." ఆవిడ ఊపిరి తీసుకుంది. "ఇందాక నువ్వు కత్తి తీసినప్పుడు కూడా వాడు చూస్తున్నది అదే. చెబుతావని."

మిషనమ్మకి గది గోడలు దూరంగా జరిగినట్టయింది. ఇన్నాళ్లూ మరిది కళ్లలోకి చూడలేక అన్నం గిన్నె బల్లమీద పెట్టి వెళ్లిపోయేది. అతను తెలియక బాధపడుతున్నాడనుకుంది. అతను తెలిసీ, రోజూ ఆ బల్ల దగ్గర కాస్త ఎక్కువసేపు కూర్చునేవాడు. ఎందుకో ఇప్పుడు అర్థమవుతోంది.

"బాబూ," అంది గుమ్మంవైపు తిరిగి.

గరిక లేచి నిలబడ్డాడు. మడిచిన ప్యాంటు అంచులు ఒకటొకటిగా దించుకున్నాడు. కోపం లేదు మొహంలో. కోపం ఉంటే కాళ్లమీద పడేది ఆమె. ఎన్నాళ్లో ఎదురుచూసి, ఇక రాదని తెలిశాక బస్టాపులోంచి లేచిన మనిషి మొహంలా ఉంది.

సెలూన్ ఆయన రెండంగల్లో వెళ్లి అతని భుజం పట్టుకున్నాడు. "ఒరేయ్, నన్ను... నా మాట..." గరిక ఆ చెయ్యిని నెమ్మదిగా తీసి, ఒక్కక్షణం పట్టుకుని, వదిలేశాడు. తల్లివైపు చూశాడు. నర్సమ్మకి తల వంచాడు. వదిన వైపు చూపు వచ్చింది, ఆగలేదు.

ఆమె గుమ్మందాకా వెళ్లింది. పిలవడానికి మొహం చెల్లలేదు. వెనక ఎక్కడివాళ్లు అక్కడే ఉన్నారు. మైదానానికి పోవాలంటే గేటు దాటి కుడివైపు తిరగాలి. పందొమ్మిదేళ్లలో ఆ గేటు దాటి అతను పొద్దునైనా, సాయంత్రమైనా కుడివైపే తిరిగాడు. రేపు మ్యాచ్ ఉన్నా లేకున్నా నీళ్లు పట్టాల్సిన వేళ కూడా ఇదే.

అతను గేటు తీసి, బయటికెళ్లి, చప్పుడు కాకుండా మళ్లీ వేసి, ఎడమవైపు నడిచాడు.